లాసెట్‌కు పది రోజులే ఉంటే... పుస్తకం మూసి చదవాలి
చివరి దశలో కొత్త పాఠాల కన్నా చదివినదాన్ని గుర్తుకు తెచ్చుకునే సాధనే మేలు

న్యాయవాది కావాలన్న ఆశయానికి లాసెట్ తొలి మెట్టు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు వేర్వేరుగా నిర్వహించే ఈ ప్రవేశ పరీక్షకు ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఐదేళ్ల కోర్సులో చేరదలచినవారు, డిగ్రీ పూర్తిచేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవదలచినవారు హాజరవుతారు. మూడేళ్ల కోర్సు కోసం పరీక్ష రాసేవారిలో అప్పుడే డిగ్రీ ముగించిన యువకులతో పాటు ఉద్యోగులు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారూ ఉంటారు. వీరిలో చాలామందికి నెలల తరబడి చదివే తీరిక ఉండదు. పరీక్ష దగ్గర పడ్డాకే పుస్తకం చేతికి వస్తుంది. ఆ కొద్ది రోజులను ఎలా వాడుకున్నారన్నదే ర్యాంకును నిర్ణయిస్తుంది.

అర్హత వేరు.. సీటు వేరు

లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాల సమయం ఉంటాయి. కంప్యూటర్ ఆధారంగా జరిగే ఈ పరీక్షలో పార్ట్-ఎ కింద జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ నుంచి 30, పార్ట్-బి కింద వర్తమాన వ్యవహారాల నుంచి 30, పార్ట్-సి కింద న్యాయవిద్య అభిరుచి నుంచి 60 ప్రశ్నలు ఇస్తారు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. మొత్తం మార్కుల్లో 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత లభిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు.

42 మార్కులు సాధించడం చాలామందికి అసాధ్యమేమీ కాదు. అయితే అర్హత పొందిన ప్రతి ఒక్కరికీ కోరుకున్న కళాశాలలో సీటు దక్కదు. విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలల్లో ఫీజు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ సీట్లు ముందు వరుస ర్యాంకులతోనే నిండిపోతాయి. కొద్ది మార్కుల తేడాతో ర్యాంకు వందల స్థానాలు వెనక్కి పోతే, తక్కువ ఖర్చుతో దగ్గరలో చదవగలిగే అవకాశం చేజారుతుంది. దూరాన ఉన్న ప్రైవేటు కళాశాలలో చేరడమా, మరో ఏడాది వేచి ఉండడమా అన్న ప్రశ్న ఎదురవుతుంది. సామాన్య కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

తిరిగి చదవడం కన్నా గుర్తుచేసుకోవడం మిన్న

పరీక్ష ముందు రోజుల్లో ఎక్కువ మంది చేసే పని గైడును మొదటి పుట నుంచి మళ్లీ చదవడం. రెండోసారి చదువుతున్నప్పుడు ప్రతి వాక్యమూ పరిచయంగా అనిపిస్తుంది. 'ఇది వచ్చేసింది' అన్న ధీమా కలుగుతుంది. పరీక్ష గదిలో పుస్తకం ఎదుట లేనప్పుడు ఆ విషయం జ్ఞాపకం రాదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు.

ఈ తేడాను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన అధ్యయనం స్పష్టంగా చూపింది. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంత వరకు రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది. రెండుసార్లు చదివినవారు పాఠంలో 42 శాతం చెప్పగా, చూడకుండా రాసినవారు 56 శాతం చెప్పగలిగారు.

లాసెట్ అభ్యర్థికి ఇందులో ఉన్న పాఠం ఒక్కటే. పది నిమిషాలు చదివితే, పుస్తకం మూసి మరో పది నిమిషాలు చదివినది తెల్లకాగితంపై రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. రాయలేకపోయినవే మరుసటి రోజు చదవవలసినవి. వచ్చినవాటిని మళ్లీ మళ్లీ చదువుతూ గడపడం కాలహరణమే అవుతుంది.

మొదటి రోజే ఒక పూర్తి పరీక్ష

పది రోజుల ప్రణాళికలో మొదటి పని పాఠ్యాంశాల విభజన కాదు. గత సంవత్సరాల ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, గడియారం ఎదుట పెట్టుకుని, 90 నిమిషాల్లో పూర్తిగా రాయాలి. ఎన్ని మార్కులు వచ్చాయన్నది అంత ముఖ్యం కాదు. తప్పులను మూడు రకాలుగా విడదీయడం ముఖ్యం.

మొదటి రకం అసలు తెలియనివి. వీటిలో తరచుగా అడిగే అంశాలను మాత్రమే నేర్చుకోవాలి, మిగిలినవాటిని వదిలివేయాలి. రెండో రకం చదివినా గుర్తురానివి. చివరి పది రోజుల్లో ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టేవి ఇవే. వీటిని చిన్న చీటీలపై ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు రాసుకుని రోజూ తిప్పి చూసుకోవాలి. మూడో రకం తొందరపాటులో తప్పినవి. 'కానిది ఏది' అని అడిగితే 'అయినది' గుర్తించడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటికి చదువు అక్కరలేదు. ప్రశ్నలోని 'కాదు', 'తప్ప', 'సరికానిది' వంటి పదాల వద్ద ఒక్క క్షణం ఆగే అలవాటు చాలు.

సగం మార్కులు పార్ట్-సివే

మొత్తం మార్కుల్లో సగం న్యాయవిద్య అభిరుచి విభాగానివే. ఇద్దరికి సమాన మార్కులు వచ్చినప్పుడు ర్యాంకు కోసం ముందుగా చూసేదీ ఈ విభాగం మార్కులనే. వర్తమాన వ్యవహారాలకు హద్దు లేదు. రాజ్యాంగ ప్రాథమికాంశాలకు హద్దు ఉంది. కనుక చివరి రోజుల్లో చదువుకు కేటాయించే సమయంలో కనీసం సగం పార్ట్-సికి దక్కాలి.

రాజ్యాంగంలో ముందుగా చట్రం గట్టిపడాలి. 1949 నవంబరు 26న ఆమోదం, 1950 జనవరి 26న అమలు. మొదట 395 అధికరణలు, 22 భాగాలు, 8 షెడ్యూళ్లు. ప్రస్తుతం షెడ్యూళ్లు 12. ప్రాథమిక హక్కులు 12 నుంచి 35 వరకు, ఆదేశిక సూత్రాలు 36 నుంచి 51 వరకు, ప్రాథమిక విధులు 51ఎలో ఉన్నాయి. ఆ తర్వాత విడి అధికరణలు: సమానత్వానికి 14, అంటరానితనం నిషేధానికి 17, జీవించే హక్కుకు 21, విద్యాహక్కుకు 21ఎ, ఉచిత న్యాయ సహాయానికి 39ఎ, పంచాయతీలకు 40, రాష్ట్రపతి క్షమాభిక్షకు 72, గవర్నరు క్షమాభిక్షకు 161, ఆర్డినెన్సులకు 123, 213, ఎన్నికల సంఘానికి 324, అత్యవసర పరిస్థితులకు 352, 356, 360, సవరణకు 368. తెలుగు రాష్ట్రాలవారు 371డిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. స్థానికతకు, ఉద్యోగాలు, విద్యలో సమాన అవకాశాలకు సంబంధించిన ఈ అధికరణ 1973 నాటి 32వ సవరణ ద్వారా ఆంధ్రప్రదేశ్ కోసం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకూ వర్తిస్తోంది.

సంఖ్యలను విడివిడిగా బట్టీ పట్టడం కన్నా ఒక వరుసలో పేర్చుకుంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. రాజ్యాంగ సవరణ వివాదం ఇందుకు మంచి ఉదాహరణ. 1967లో గోలక్‌నాథ్ కేసులో, తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుప్రీంకోర్టు, ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు చెప్పింది. దానికి జవాబుగా 1971లో 24వ సవరణ వచ్చింది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, సవరించే అధికారం ఉన్నా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదని తేల్చింది. 1976లో 42వ సవరణ పీఠికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత పదాలను చేర్చింది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి 300ఎలో ఉంచింది. 1980లో మినర్వా మిల్స్ తీర్పు మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని బలపరచింది. ఇలా ఒకదాని నుంచి మరొకటి పుట్టినట్లు చెప్పుకుంటే ఆరు ప్రశ్నలకు సరిపడే విషయం ఒక్క అల్లికలో మనసులో నిలుస్తుంది.

రిట్‌లను నిర్వచనాలుగా కాక సందర్భాలుగా గుర్తుంచుకోవాలి. మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే హెబియస్ కార్పస్. అధికారి తన విధి నిర్వర్తించకపోతే మాండమస్. దిగువ న్యాయస్థానం పరిధి దాటి విచారణ సాగిస్తుంటే ఆపడానికి ప్రొహిబిషన్, ఉత్తర్వు వెలువడిన తర్వాత రద్దు చేయడానికి సెర్షియోరరి. అర్హత లేనివారు ప్రభుత్వ పదవిలో ఉంటే కో వారెంటో. 32వ అధికరణ కింద సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల కోసమే రిట్లు జారీ చేస్తుంది. 226 కింద హైకోర్టు ఇతర చట్టబద్ధ హక్కుల కోసం కూడా జారీ చేయగలదు. ప్రశ్న తరచూ ఈ తేడాపైనే ఉంటుంది.

లాటిన్ సూత్రాలదీ ఇదే పద్ధతి. 'వొలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా' అంటే ఇష్టపడి అంగీకరించిన ప్రమాదానికి పరిహారం కోరలేరని అర్థం. క్రికెట్ పోటీ చూడవచ్చిన ప్రేక్షకుడికి బంతి తగలడం దీనికి ఉదాహరణ. 'రెస్ ఇప్సా లోక్విటర్' అంటే జరిగినదే నిర్లక్ష్యాన్ని చాటుతోందని అర్థం. శస్త్రచికిత్స తర్వాత రోగి కడుపులో కత్తెర మిగిలిపోవడం దీనికి ఉదాహరణ. 'ఆడి ఆల్టరమ్ పార్టెమ్' అంటే ఎదుటి పక్షం వాదన కూడా వినాలన్న సహజ న్యాయ సూత్రం. 'ఉబి జస్ ఇబి రెమెడియం' అంటే హక్కు ఉన్నచోట దానికి పరిహారమూ ఉంటుందని.

పాత గైడుతో జాగ్రత్త

అన్నలు, అక్కలు ఇచ్చిన పాత గైడుతోనో, పాత పుస్తకాల అంగడిలో కొన్న గైడుతోనో చదివేవారు ఒక విషయం తప్పక సరిచూసుకోవాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుండగా న్యాయ సంహితలో 358 ఉన్నాయి. నాగరిక సురక్షా సంహితలో 531, సాక్ష్య అధినియమంలో 170 సెక్షన్లు ఉన్నాయి.

హత్యకు శిక్ష విధించే 302 ఇప్పుడు 103 అయింది. హత్యాయత్నం 307 నుంచి 109కి, వరకట్న మరణం 304బి నుంచి 80కి, వివాహితపై భర్త, బంధువుల క్రూరత్వం 498ఎ నుంచి 85కి మారాయి. జనం నోట నానిన 420 మోసం 318లోకి వెళ్లింది. ఎఫ్ఐఆర్ నమోదు 154 నుంచి 173కు మారింది. అన్నింటికన్నా తికమక పెట్టేది 144. పాత చట్టంలో నలుగురు గుమికూడరాదన్న నిషేధాజ్ఞలకు పేరుపడిన ఆ సంఖ్య కింద కొత్త చట్టంలో భార్యాబిడ్డలు, తల్లిదండ్రుల మనోవర్తి ఉంది. పాత చట్టంలో మనోవర్తి 125లో ఉండేది. నిషేధాజ్ఞలు ఇప్పుడు 163 కిందకు వచ్చాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. కనుక పాత, కొత్త సంఖ్యలను పక్కపక్కన రాసి ఒక పట్టికగా ఉంచుకోవడం మేలు. ఒక గంట పనితో ఇది పూర్తవుతుంది.

మిగతా రెండు విభాగాలకు హద్దు గీయాలి

వర్తమాన వ్యవహారాల కోసం ఏడాది పత్రికలను తిరగేయడం చివరి పది రోజుల్లో సాధ్యం కాదు. ముఖ్య పదవుల్లో ఉన్నవారు, పురస్కారాలు, క్రీడా విజేతలు, కొత్త చట్టాలు, సుప్రీంకోర్టు ముఖ్య తీర్పులు, రాష్ట్ర ప్రభుత్వ పథకాలు, అంతర్జాతీయ సదస్సులు అనే ఏడు శీర్షికలతో ఒక్కో పుట రాసుకోవాలి. పుట నిండాక ఇక చేర్చరాదు. వార్తను రాజ్యాంగంతో ముడిపెట్టి చదివితే రెండు విభాగాలకూ పనికివస్తుంది. గవర్నరు నియామకం వార్త చదివినప్పుడు ఆ నియామకం ఏ అధికరణ కింద జరుగుతుందో చూసుకోవాలి. అది 155.

మెంటల్ ఎబిలిటీలో కొత్త రకం లెక్కలను ఇప్పుడు మొదలుపెట్టరాదు. సంఖ్యాశ్రేణి, కోడింగ్, దిక్కులు, రక్తసంబంధాలు, క్యాలెండరు వంటి వాటిలో ఇప్పటికే తెలిసినవాటిని రోజుకు పది చొప్పున గడియారం చూస్తూ చేస్తే చాలు.

రోజుకు రెండు గంటలే దొరికితే...

ఉద్యోగులు, ఇంటిపనుల మధ్య చదివేవారు సమయం లేదని నిరుత్సాహపడనవసరం లేదు. ఉదయం ఒక గంట పార్ట్-సి చదివి, చూడకుండా రాయాలి. బస్సు ప్రయాణంలో, భోజన విరామంలో చీటీలు తిప్పుకోవాలి. రాత్రి ఒక గంటలో సగం వర్తమాన వ్యవహారాలకు, సగం ఆ రోజు ఉదయం రాయలేకపోయిన అంశాలకు ఇవ్వాలి. ఇంట్లో ఎవరైనా చీటీలోని ప్రశ్న అడుగుతుంటే జవాబు చెప్పడం అన్నిటికన్నా తేలికైన సాధన. అడిగేవారికి చట్టం తెలిసి ఉండనవసరం లేదు.

అయిదో రోజున రెండో ప్రశ్నపత్రం, పరీక్షకు మూడు రోజుల ముందు మూడో పత్రం రాయాలి. వీలైతే పరీక్ష జరిగే పూటకే ఈ పత్రాలూ రాయడం మంచిది. కంప్యూటర్ అలవాటు లేనివారు కనీసం ఒక్కటైనా కంప్యూటర్ తెరపై సాధన చేయాలి. మౌస్‌తో జవాబు గుర్తించడం, మార్చడం, భద్రపరచడం, వదిలిన ప్రశ్నకు తిరిగి రావడం ముందే తెలిసి ఉంటే పరీక్ష గదిలో కంగారు ఉండదు. చివరి రెండు రోజులూ కొత్త పుస్తకం తెరవరాదు. సొంతంగా రాసుకున్న కాగితాలు, చీటీలు మాత్రమే చూసుకోవాలి. చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే కనుక రాత్రంతా మేల్కొని చదవడం వల్ల నష్టమే ఎక్కువ.

90 నిమిషాల లెక్క

120 ప్రశ్నలకు 90 నిమిషాలంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. అన్ని ప్రశ్నలకూ సమానంగా సమయం ఇవ్వనవసరం లేదు. పార్ట్-సిలోని 60 ప్రశ్నలు ఎక్కువగా తెలిసి ఉంటే చెప్పేవే. వాటికి 30 నిమిషాలు, వర్తమాన వ్యవహారాలకు 12 నిమిషాలు సరిపోతాయి. ఆలోచన అవసరమైన పార్ట్-ఎకు 30 నిమిషాలు ఇచ్చినా 18 నిమిషాలు మిగులుతాయి. వదిలిన ప్రశ్నలకు ఆ సమయం వాడుకోవాలి. ఒక లెక్క దగ్గర రెండు నిమిషాలు చిక్కుకుపోతే నాలుగు తేలిక ప్రశ్నలు పోగొట్టుకున్నట్లే.

మార్కుల కోత లేదు కనుక ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలరాదు. ఏమీ తెలియని 20 ప్రశ్నలకు ఊహించి జవాబు గుర్తించినా, నాలుగింటిలో ఒకటి చొప్పున సగటున అయిదు సరిపోయే అవకాశం ఉంది. రెండు జవాబులు తప్పని తేల్చగలిగితే ఆ అవకాశం సగానికి పెరుగుతుంది. ప్రశ్నలు ఆంగ్లంతో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. తెలుగులోని పారిభాషిక పదం అర్థం కానప్పుడు ఆంగ్ల పాఠం చూస్తే సందేహం తీరుతుంది. అందుకే సాధనలో ముఖ్యమైన న్యాయ పదాలను రెండు భాషల్లోనూ గుర్తుంచుకోవాలి.

ముందు రోజే చూసుకోవలసినవి

మండలాల నుంచి పరీక్ష కేంద్రానికి వచ్చేవారు ముందు రోజే కేంద్రం ఎక్కడుందో, ఏ బస్సు ఏ వేళకు చేరుస్తుందో తెలుసుకోవాలి. హాల్‌టికెట్ ముద్రించుకుని, దానిపైని సూచనలను పూర్తిగా చదవాలి. గుర్తింపు కార్డు అసలు ప్రతిని దానితో కలిపి ఒకే సంచిలో ఉంచుకోవాలి. ఫోన్లు, చేతి గడియారాలు వంటి ఎలక్ట్రానిక్ వస్తువులను లోనికి అనుమతించరు. నిర్ణీత సమయం దాటాక వచ్చినవారికి ప్రవేశం ఉండదు. తనిఖీ, వేలిముద్రల నమోదుకు సమయం పడుతుంది కనుక గంటన్నర ముందుగా చేరుకోవడం క్షేమం. పరీక్ష ముగిశాక విడుదలయ్యే ప్రాథమిక కీతో జవాబులు సరిచూసుకుని, తేడా ఉన్నట్లు ఆధారం ఉంటే గడువులోగా అభ్యంతరం తెలపవచ్చు. కౌన్సెలింగ్‌కు అవసరమైన కుల, ఆదాయ, స్థానికత ధ్రువపత్రాలను ఫలితాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష అయిన వెంటనే సిద్ధం చేసుకుంటే, ర్యాంకు వచ్చాక కార్యాలయాల చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది.